యాభై ఎనిమిదిలో పదకొండు మంచాలు

1976వ సంవత్సరం. మదురైలో ఎర్స్‌కిన్ ఆసుపత్రి అని జనం పిలుచుకునే సర్కారు పెద్దాసుపత్రి. అక్కడ కంటి విభాగానికి ఇరవై ఏళ్లుగా అధిపతిగా ఉన్న డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి పదవీ విరమణ చేస్తున్నారు.

రూలు రూలే. అప్పట్లో 58 ఏళ్లొస్తే ఎంతటివారైనా కుర్చీ ఖాళీ చేయాలి. అందులో అన్యాయమేమీ లేదు. మూడేళ్ల కిందటే పద్మశ్రీ వచ్చింది. పెద్దకొడుకుగా తోడబుట్టినవాళ్లను చదివించి, పెళ్లిళ్లు చేసి, తలా ఒక దారిలో పెట్టారు. తాను మాత్రం పెళ్లి చేసుకోలేదు. పైగా ముప్పయ్యో ఏట పట్టుకున్న కీళ్లవాతం చేతివేళ్లను ఏనాడో మెలితిప్పేసింది. ఇక చాలు, కాసేపు కూర్చుంటాను అనడానికి ఆయన దగ్గర ఉన్నన్ని కారణాలు చాలామందికి ఉండవు. అన్నా ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

కానీ ఆయన లెక్క వేరు. ఆసుపత్రి గుమ్మం దాటితే చాలు, చుట్టుపక్కల పల్లెల్లో కళ్లు కనపడక మూలన కూర్చున్న ముసలివాళ్లు ఎంతమందో. మన దేశంలో చూపు పోయినవాళ్లలో ఎక్కువమందికి కారణం శుక్లాలు. ఒక చిన్న ఆపరేషన్‌తో తిరిగి రాగల చూపు అది. మందు తెలుసు, చేసే చెయ్యి ఉంది, చేయించుకోవాల్సినవాళ్లు ఉన్నారు. మధ్యలో అడ్డం ఉన్నదల్లా దూరం, డబ్బు, భయం. వాటికి రిటైర్మెంట్ వయసు లేదు.

ఆ ఏడాదే వెంకటస్వామి మదురైలోని అన్నానగర్‌లో ఒక ఇంట్లో కంటి ఆసుపత్రి తెరిచారు. పదకొండు మంచాలు. అరవింద్ కంటి ఆసుపత్రి పుట్టింది అక్కడే. అయితే ఆ పదకొండు మంచాలు ఒక్క ఏడాదిలో పుట్టినవి కావు. వాటి వెనక నలభై ఎనిమిదేళ్ల కథ ఉంది.

ప్రసూతి గదిలోంచి కంటి గదిలోకి

వడమలాపురం. తమిళనాడు దక్షిణాన, ఎట్టయపురం దగ్గర పల్లె. నల్లరేగడి నేల, వాన పడితేనే పంట. శతాబ్దాల కిందట వలసపోయిన తెలుగువాళ్లు ఊళ్లు కట్టుకుని స్థిరపడ్డ సీమ. కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ నవలలో చెప్పింది ఇక్కడి తెలుగువాళ్ల కథే. 1918 అక్టోబరు 1న రైతు గోవిందప్ప ఇంట వెంకటస్వామి పుట్టారు. బడిలో పలకా లేదు, కాగితమూ లేదు. పిల్లలు ఏటి ఒడ్డు నుంచి ఇసుక తెచ్చి పరుచుకుని, దాని మీద వేలితో అక్షరాలు దిద్దేవారు.

పదేళ్ల వయసులో చూసిన చావులే ఆయన్ను డాక్టరును చేశాయి. బంధువుల ఇళ్లలో ముగ్గురు ఆడపడుచులు, ముగ్గురూ నెలలు నిండుతుండగానే కన్నుమూశారు. ఊళ్లో డాక్టరు లేడు. పురిటి గదిలో గుర్రపువాతం వస్తే చూస్తూ కూర్చోవడం తప్ప చేయగలిగింది లేదు. ఆ పిల్లవాడు ప్రసూతి వైద్యుడు కావాలని అప్పుడే అనుకున్నాడు. మదురై అమెరికన్ కాలేజీలో డిగ్రీ, 1944లో మద్రాసు స్టాన్లీ మెడికల్ కాలేజీ నుంచి వైద్య పట్టా, ఆ తర్వాత సైన్యంలో వైద్యుడి కొలువు. అనుకున్నది అనుకున్నట్టే సాగుతోంది.

1948లో అంతా ఆగిపోయింది. రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఒంట్లోని కీళ్లన్నీ ఒక్కసారిగా వాచాయి. సైన్యం నుంచి ఇంటికి పంపేశారు. నిలబడలేరు, కూర్చోలేరు. దుప్పటి తగిలినా భరించలేని నొప్పి ఆ జబ్బుది. నెలలు గడిచాయి, ఏడాది దాటింది. మంచం దిగేనాటికి వేళ్లు వంకర తిరిగి బిగుసుకుపోయాయి. బిడ్డను బయటికి తీయడానికి బలమున్న చేతులు కావాలి, గంటల తరబడి నిలబడగల కాళ్లు కావాలి. ఆయనకిప్పుడు రెండూ లేవు. చిన్ననాటి నుంచీ పట్టుకు వేలాడిన కోరిక ముప్పయ్యో ఏటే పోయింది.

ఆ వయసులో అలాంటి దెబ్బ తిన్నవాళ్లు వైద్యం వదిలేసినా ఆశ్చర్యం లేదు. వెంకటస్వామి కంటి వైద్యం చదవడానికి మళ్లీ విద్యార్థిగా చేరారు. వంగని వేళ్లతో ముందు పెన్ను పట్టడం నేర్చుకున్నారు, తర్వాత కత్తి పట్టడం. ఆ వేళ్లతో ఆపరేషన్ అంటే ఏమిటో ఒక్క క్షణం దగ్గరగా చూద్దాం. నల్లగుడ్డు అంచున గీత గీయాలి. మసకబారిన కటకాన్ని కంటిలోంచి పట్టి బయటికి లాగాలి, వెంట్రుకంత దారంతో కుట్టు వేయాలి. చెయ్యి వణికితే కన్ను పోతుంది. మామూలు చేతులకే ఏళ్ల సాధన కావాల్సిన పని. ఆ వంకర వేళ్లతోనే ఆయన జీవితకాలంలో లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారు.

58వ ఏట ఆయన చేసిన పని అర్థం కావాలంటే ఈ ముప్పయ్యో ఏటిని గుర్తుంచుకోవాలి. ఆయనకు మొదటి నుంచి మొదలుపెట్టడం కొత్త కాదు. అంతకుముందే ఒకసారి, పిడికిలి కూడా మూయలేని చేతులతో, అఆల నుంచి మొదలుపెట్టి వచ్చిన మనిషి.

సర్కారు కొలువు నేర్పిన పాఠాలు

1956లో మదురై మెడికల్ కాలేజీలో కంటి విభాగం ఆయన చేతికి వచ్చింది. ఆసుపత్రికి వచ్చినవాళ్లను చూడటం ఉద్యోగం. రానివాళ్లు ఎందుకు రావడం లేదన్నది ఆయన్ను పట్టుకున్న ప్రశ్న. 1960 నుంచి పల్లెల్లో కంటి శిబిరాలు మొదలుపెట్టారు. 1966లో చూపు తిరిగిరాని వాళ్ల కోసం పునరావాస కేంద్రం, 1973లో కంటి వైద్య సహాయకులకు శిక్షణ.

ఈ మూడు పనుల్లోనూ ఆయన నేర్చుకున్నది ఒకటే. ఆపరేషన్ ఉచితమన్నంత మాత్రాన పేదవాడు రాడు. ఊరి నుంచి బస్సు ఛార్జీ కావాలి. కళ్లు కనపడనివాణ్ణి చెయ్యిపట్టి తీసుకురావడానికి ఇంకో మనిషి కావాలి, ఆ మనిషికి ఆ రోజు కూలి పోతుంది. పట్నంలో తిండి ఎక్కడ, పడక ఎక్కడ? వీటన్నిటికీ జవాబు లేకపోతే ఉచితం అన్న మాట బోర్డు మీదే ఉండిపోతుంది. ఇంకో పాఠం కూడా ఉంది. డాక్టరు సమయంలో చాలాభాగం డాక్టరు చేయనక్కర్లేని పనులకు పోతోంది. చూపు పరీక్ష, మందు చుక్కలు వేయడం, రోగిని సిద్ధం చేయడం, ధైర్యం చెప్పడం, ఇవన్నీ బాగా తర్ఫీదు పొందిన సహాయకులు చేయగలరు, ఒక్కోసారి డాక్టరు కంటే బాగా చేయగలరు.

అంధత్వ నివారణకు ప్రపంచమంతా తిరిగిన సర్ జాన్ విల్సన్‌తో ఆయనకు పరిచయమైంది కూడా ఈ కాలంలోనే. దేశమంతటికీ ఒక పథకం కావాలని ఇద్దరూ ఇందిరాగాంధీని కలిసి అడిగారు. 1976లో జాతీయ అంధత్వ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. అదే ఏడాది ఆయన ఉద్యోగం ముగిసింది. దేశం ఆ పనికి పూనుకున్న వేళకు ఆ పని తెలిసిన మనిషికి కుర్చీ లేదు.

కుర్చీ లేదు గానీ పని తెలుసు. ఏ పల్లెలో ఎవరు కూర్చుని ఉన్నారో తెలుసు, వాళ్లను ఎలా రప్పించాలో తెలుసు, చేతులకు తర్ఫీదు ఎలా ఇవ్వాలో తెలుసు. సర్కారు తీసుకున్నది పదవినే. ఇరవై ఏళ్ల అనుభవం ఆయన వెంటే బయటికొచ్చింది.

ఆరు ఉచితం, అయిదుకు రుసుం

ఆసుపత్రి పెట్టడానికి అనుభవం చాలదు, డబ్బు కావాలి. ఇల్లు తాకట్టు పెట్టారు. ఇంట్లో ఆడవాళ్ల నగలు కుదువకు వెళ్లాయి. నడపడానికి గోవెల్ ట్రస్టు ఏర్పాటైంది. పుదుచ్చేరి అరవిందాశ్రమంతో ఆయనకు చాలాకాలంగా ఉన్న అనుబంధం వల్ల ఆసుపత్రికి శ్రీ అరవిందుల పేరు పెట్టుకున్నారు.

పదకొండు మంచాల్లో ఆరు డబ్బు ఇచ్చుకోలేనివాళ్లకు. మిగిలిన అయిదు ఇచ్చుకోగలవాళ్లకు. అయిదుగురి దగ్గర వచ్చిందానితో ఆరుగురి ఖర్చు గడవాలి, ఆసుపత్రీ నడవాలి. విన్నవాళ్లకు ఇది గిట్టుబాటయ్యే లెక్క కాదనిపించి ఉంటుంది. కానీ ఆ లెక్కలోనే ఒక పట్టుదల ఉంది. విరాళం వచ్చిన నెల ఆపరేషన్లు, రాని నెల నమస్కారం అనే పద్ధతి ఆయనకు వద్దు. పేదవాడి కన్ను ఎవరి దయ మీదా ఆధారపడకూడదు. కాబట్టి ఖర్చు తగ్గాలి, పని పెరగాలి, డబ్బిచ్చేవాడికి కూడా ఊళ్లో ఇంతకన్నా మంచి చికిత్స దొరకకూడదు.

అరవింద్‌లో ఈ రోజుకీ నడుస్తున్న పద్ధతికి మూలం ఇదే. ఎవరు పేద, ఎవరు కాదు అని తెల్లకార్డు అడిగి తేల్చరు. ఏ దారిన వెళ్లాలో రోగే నిర్ణయించుకుంటాడు. రుసుం కట్టే చోట గది సౌకర్యంగా ఉంటుంది, ఉచితమైన చోట చాప మీద పడుకోవాలి. కానీ కత్తి పట్టే డాక్టర్లు వాళ్లే. ఇవాళ ఇక్కడ చేసిన డాక్టరు రేపు అక్కడ చేస్తారు. సగానికి పైగా రోగులు ఉచితంగానో నామమాత్రపు ఖర్చుతోనో చూపు తెచ్చుకుంటారు.

చెల్లెలు వదులుకున్నది

ఇలాంటి గాథలు చెప్పేటప్పుడు ఒక మనిషిని కొండంత చేసి, పక్కనున్నవాళ్లను మరిచిపోతుంటాం. వెంకటస్వామి కథలో అలా చేస్తే అబద్ధమవుతుంది.

ఆయన చెల్లెలు డాక్టర్ నాచ్చియార్. అన్న కంటే చాలా చిన్నది. తండ్రి పోయాక అన్నే ఇంటికి పెద్ద, ఆమె చదువూ అన్న చలవే. భర్త డాక్టర్ నంపెరుమాళ్‌సామి. ఇద్దరూ కంటి డాక్టర్లే, ఇద్దరివీ నిలకడైన సర్కారు కొలువులే. అమెరికాలో పెద్ద సంస్థల్లో తర్ఫీదు పొంది వచ్చినవాళ్లు. అన్నకు 58. వాళ్లకు మాత్రం సంపాదించుకునే వయసు, పిల్లల్ని పెంచుకునే వయసు. అన్న దగ్గర పనికి జీతం తక్కువ, గంటలు ఎక్కువ. పైగా నడుస్తుందో లేదో తెలియని ఆసుపత్రి. అయినా వచ్చారు. నంపెరుమాళ్‌సామి చెల్లెలు, ఆమె భర్త కూడా కంటి వైద్యులుగా ఈ పనిలో కలిశారు. వెంకటస్వామి తమ్ముడు శ్రీనివాసన్ కట్టడాలు, ఖర్చులు చూసుకున్నారు.

మలివయసులో మళ్లీ మొదలుపెట్టేవాళ్లకు ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇక్కడుంది. 58 ఏళ్లవాడి రెండో ఆరంభం ఎక్కువగా ఇంట్లోవాళ్ల నిద్ర మీద, జీతం మీద, నగల మీద నిలబడుతుంది. వాళ్లు ఊరికే రారు. ముప్పై ఏళ్లపాటు ఆ మనిషి తమ కోసం ఏం చేశాడో చూసి వస్తారు. తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ చదివించడానికి వెంకటస్వామి పెట్టిన ఏళ్లే ఆయన అసలు పెట్టుబడి. ఆ రుణాన్ని గుర్తించకుండా ఆయన్ను పొగిడితే ఆ పొగడ్త ఆయనకే నచ్చదు.

గంటకు ఎన్ని కళ్లు

పదకొండు మంచాలు చాల్లేదు. మరుసటి ఏళ్లలో ముప్పై, ఆ తర్వాత డెబ్బై. 1981లో మదురైలో పెద్ద ఆసుపత్రి సిద్ధమైంది. చేతిలో డబ్బు ఆడిన కొద్దీ అంతస్తు మీద అంతస్తు లేపారు. 1985లో తేని, 1988లో తిరునల్వేలి, 1997లో కోయంబత్తూరు, 2003లో పుదుచ్చేరి.

ఈ పెరుగుదలకు కీలకం ఆపరేషన్ గదిలో ఉంది. సర్జను ముందు రెండు బల్లలు. ఒక బల్ల మీది రోగికి ఆపరేషన్ జరుగుతుండగానే రెండో బల్ల మీది రోగిని నర్సులు సిద్ధం చేసి ఉంచుతారు. మొదటిది పూర్తవగానే సర్జను మైక్రోస్కోపు అటు తిప్పి రెండోది మొదలుపెడతారు. ఒక్క నిమిషం వృథా కాదు. ఈ పద్ధతి వల్ల అక్కడ ఒక సర్జను ఏడాదికి దాదాపు రెండు వేల ఆపరేషన్లు చేయగలుగుతారు. అమెరికా వెళ్లినప్పుడు మెక్‌డొనాల్డ్స్ దుకాణాలు చూసి వెంకటస్వామి ముచ్చటపడ్డారు. ఏ ఊళ్లో కొన్నా ఒకే నాణ్యత, ఒకే ధర, ఎక్కడ చేరినవాళ్లకైనా అదే శిక్షణ. రొట్టెముక్కకు సాధ్యమైంది కంటిచూపుకు ఎందుకు సాధ్యం కాదన్నది ఆయన పట్టుకున్న ఆలోచన.

ఆ గదిలో బలం డాక్టర్లది మాత్రమే కాదు. పల్లెల నుంచి, ఎక్కువగా రైతుల, కూలీల ఇళ్ల నుంచి వచ్చిన పదిహేడు పద్దెనిమిదేళ్ల ఆడపిల్లలు అక్కడ రెండేళ్లు తర్ఫీదు పొంది, ఆ పనిలో నిపుణులవుతారు. 1973లో సర్కారు ఆసుపత్రిలో ఆయన నాటిన ఆలోచనే ఇలా విస్తరించింది. శిబిరాల నుంచి రోగుల్ని ఆసుపత్రి బస్సులో తెచ్చి, తిండి పెట్టి, ఆపరేషన్ చేసి, మళ్లీ బస్సులో ఊళ్లో దించి వచ్చే పద్ధతి కూడా ఆ పదహారేళ్ల శిబిరాలు నేర్పిందే.

ఇంకో అడ్డంకి మిగిలింది. ఆ రోజుల్లో ఆపరేషన్ అయ్యాక రోగికి సోడాబుడ్డి కళ్లద్దాలు ఇచ్చేవాళ్లు. కంట్లోంచి తీసేసిన కటకం చేసే పనిని ఆ లావాటి అద్దాలు చేయాలి. అవి పొలంలో పడి పగిలినా, ఎక్కడైనా పోయినా మళ్లీ లోకం మసకే. కంటిలోపలే అమర్చే కృత్రిమ కటకం వచ్చింది కానీ, బయటి దేశాల నుంచి తెప్పిస్తే ఒక్కోటి వంద డాలర్లకు అటూ ఇటూ. పేదవాళ్లకు ఇది వీలుపడదని నిపుణులు అనే రోజులవి. 1992లో మదురైలో అరోల్యాబ్ మొదలైంది. కటకాలు ఇక్కడే తయారుచేసి, పది డాలర్ల లోపుకు ధర దించింది. అమెరికా సేవా ఫౌండేషన్‌కు చెందిన డేవిడ్ గ్రీన్ ఇందులో తోడ్పడ్డారు. ఆ కటకాలు తర్వాత ఎన్నో దేశాలకు వెళ్లాయి. ఉచిత రోగి కంటిలోకీ అదే కటకం చేరింది. అప్పటికి వెంకటస్వామికి 73 ఏళ్లు దాటాయి.

తిరుపతి దాకా

2006 జులై 7న, 87 ఏళ్ల వయసులో వెంకటస్వామి కన్నుమూశారు. ఆసుపత్రి ఆగలేదు. 2008లో గేట్స్ గ్లోబల్ హెల్త్ అవార్డు, 2010లో కాన్రాడ్ హిల్టన్ మానవతా పురస్కారం వచ్చాయి. తాను పోయాక కూడా పని ఆగకపోవడం కన్నా, ఒక మనిషి గట్టిగా పని చేశాడనడానికి రుజువు ఉండదు. ఆయన లేకపోయినా నడిచేలా కట్టారు. 2019లో తిరుమల తిరుపతి దేవస్థానం సహకారంతో తిరుపతిలో అరవింద్ ఆసుపత్రి తెరుచుకుంది. చిత్తూరు, కడప, నెల్లూరు జిల్లాల పల్లెల నుంచి శుక్లాలతో వచ్చే పెద్దలకు ఇప్పుడు మదురై దాకా పోవాల్సిన పని లేదు. ఇప్పటిదాకా అరవింద్ ఆసుపత్రులన్నిటిలో కలిపి 60 లక్షలకు పైగా కంటి ఆపరేషన్లు, చికిత్సలు జరిగాయి.

యాభై దాటాక చాలామందిలో ఒక ప్రశ్న మొదలవుతుంది. పిల్లలు స్థిరపడ్డారు, ఉద్యోగం ముగింపుకొచ్చింది, ఇప్పుడు నేనెవర్ని, ఈ వయసులో కొత్తగా ఏం చేయగలను? ఆ ప్రశ్న అడిగేవాళ్లంటే నాకు గౌరవం. అది అడగాలంటే ధైర్యం కావాలి. కానీ వెంకటస్వామి జీవితం చూశాక అడగాల్సిన ప్రశ్న అది కాదేమో అనిపిస్తుంది. ఆయన 58లో కొత్త మనిషి కాలేదు, కొత్త విద్యా నేర్వలేదు. పాతికేళ్లుగా చేస్తున్న పనినే, ఇంకా అందని మనుషుల దాకా తీసుకెళ్లారు. జీవితానికి అర్థం కోసం ఆయన ఎటూ వెతకలేదు. చూపు కోసం ఎదురుచూసేవాళ్లు ఆయనకు ముందే తెలుసు.

అలాంటివాళ్లు ప్రతి రిటైర్డు మనిషి చుట్టూ ఉంటారు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మాష్టారికి తన వీధిలో పదో తరగతి తప్పిన పిల్లలు కనిపిస్తారు. రెవెన్యూ ఆఫీసులో పనిచేసినాయనకు పాసుపుస్తకంలో తప్పు పడి తిరుగుతున్న రైతు కనిపిస్తాడు. ఆసుపత్రిలో నర్సుగా చేసినామెకు పక్కింట్లో మంచంలో ఉన్న పెద్దావిడకు పుండ్లు పడకుండా ఒత్తిగించడం తెలుసు. అది నేర్పితే ఆ ఇంటి కోడలికి ప్రాణం లేచొస్తుంది. వీటికి ట్రస్టు అక్కర్లేదు, నగలు కుదువ పెట్టక్కర్లేదు. ఇంట్లోవాళ్లతో మాట్లాడుకుని, వారంలో ఏ రోజు, ఎవరికి, ఎంతసేపు అని తేల్చుకుంటే చాలు. మన చేతికి ఏ పని బాగా వచ్చు, అది ఇంకా ఎవరికి అందలేదు? ఈ రెండింటికీ జవాబు దొరికిన మనిషికి వయసు అడ్డు కాదు, అనుభవమే మూలధనం.